నవ్వుకీ మేమే, భయానికీ మేమేనా?

ఇంగ్లీష్ బాండ్ నంబర్ 007 అని వింటే తుపాకీ గుర్తొస్తుంది. మన తెలుగు బాండ్ నంబర్ 116 అని వింటే పెళ్ళిలో చదివింపుల కవర్ గుర్తొస్తుంది. నూటపదహార్లు! 1966లో వచ్చిన 'గూఢచారి 116'లో కృష్ణ ఎంత సీరియస్‌గా విలన్ల వెంట పడుతున్నా, ఆ నంబర్ మాత్రం పక్కన మనింటి పెద్దమనిషిలా నవ్వుతూ కూర్చున్నట్టే ఉంటుంది. ఎం. మల్లికార్జునరావు తీసిన ఆ సినిమాతోనే కృష్ణకి ఆంధ్రా జేమ్స్‌బాండ్ అన్న పేరొచ్చింది. మరుసటి ఏడాది అదే కథ హిందీలో జితేంద్ర హీరోగా 'ఫర్జ్' అయింది. మా తాత రెండూ చూశాడు. ఇప్పటికీ ఎవరైనా రీమేకుల గురించి మాట్లాడితే ఆయన చెప్పేది ఒక్కటే: "హీరో మారిండు, బాస మారింది, నంబర్ మాత్రం మారలే."

నంబర్ మారింది 1989లో. కృష్ణే హీరోగా, కోడి రామకృష్ణ డైరెక్షన్‌లో 'గూఢచారి 117' వచ్చింది. నాలాంటి సీఎస్ఈ వాళ్ళకి అది చూడగానే ఐ ప్లస్ ప్లస్ గుర్తొస్తుంది. ఒకటి కలిపితే కొత్త సినిమా! సీక్వెల్ తీయడం నిజంగా అంత ఈజీ అయితే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

2018 ఆగస్టులో శశికిరణ్ తిక్క డైరెక్షన్‌లో అడివి శేష్ 'గూఢచారి' వచ్చింది. అందులో హీరో అర్జున్‌కి మళ్ళీ అదే 116. దానికి రెండో భాగంగా 'జీ2' ప్రకటించారు. ఈసారి డైరెక్టర్ వినయ్‌కుమార్ సిరిగినీడి. ఇమ్రాన్ హాష్మీ, వామికా గబ్బి కొత్తగా చేరారు. ఆ ప్రకటన వచ్చినప్పటి నుంచి మా ఫ్రెండ్స్ గ్రూపులో ఒకటే చర్చ. కొంతమంది "మొదటిది మరీ సీరియస్, ఈసారి కొంచెం కామెడీ పెట్టాలి" అంటారు. ఇంకొంతమంది "కామెడీ పెడితే స్పై సినిమా చెడిపోతుంది" అంటారు. ఉప్పు ఎక్కువా కారం ఎక్కువా అన్నట్టు సాగే ఈ చర్చలో ఒక ప్రశ్న ఎవరూ అడగట్లేదు. నవ్వు ఎవరి మీద? భయం ఎవరిని చూసి?

నాకు ఈ ప్రశ్న ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు మా ఇల్లు ఎక్కడో చెప్పాలి. మాది పాతబస్తీ, లాల్‌దర్వాజ. ఆషాఢంలో బోనాలప్పుడు టీవీలో కనబడే సింహవాహిని మహంకాళి గుడి మా ఇంటికి నడిచేంత దూరం. చార్మినార్ కూడా అంతే. మా కాలేజీ ఊరికి అవతలి చివర ఉంది. ఫస్టియర్‌లో చేరిన వారంలోనే నాకు అలవాటైపోయింది ఏంటంటే, మాది పాతబస్తీ అని చెప్పగానే రెండు ప్రశ్నలు వరసగా వస్తాయి. మొదటిది: "అవునా? రాత్రిపూట సేఫేనా?" రెండోది: "ఏదీ, ఆ భాయ్ యాసలో ఒకటి మాట్లాడు!"

అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఇప్పుడు వాళ్ళలో సగం మంది నా క్లోజ్ ఫ్రెండ్స్, రంజాన్‌లో హలీం తినడానికి నా వెనకే వస్తారు. కానీ ఆ రెండు ప్రశ్నలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు బాగా తెలుసు. మొదటిది మన సినిమాల్లో సీరియస్ సీన్ల నుంచి, రెండోది మన సినిమాల్లో కామెడీ సీన్ల నుంచి. ఒకే గల్లీని భయపెట్టడానికి ఒకసారి, నవ్వించడానికి ఒకసారి వాడుకున్నారు. ఆ రెండింటి మధ్య అక్కడ ఉండే మనిషి ఎక్కడో జారిపోయాడు.

సరే, సినిమా దగ్గరికి వద్దాం. స్పై కథ మొదటి భాగంలో నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుందో చూడండి. దాదాపు ఎప్పుడూ తెలియనితనం లోంచే వస్తుంది. 'విశ్వరూపం' (2013) మొదట్లో కమల్‌హాసన్ మెతకగా నడిచే కథక్ మాస్టారు. భార్యకి కూడా అతనెవరో తెలియదు. అతన్ని చూసి మనం నవ్వుకుంటాం. కట్టేసి కొడుతుంటే జాలిపడతాం. ఒక్క నిమిషంలో ఆ మెతక మనిషి అందరినీ పడగొట్టేస్తాడు. అంతసేపూ మనం నవ్విన నవ్వే ఆ షాక్‌కి పెట్టుబడి. నవ్వు లేకపోతే ఆ ఫైట్ ఇంకో ఫైట్ అంతే.

'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019) కూడా అంతే. స్వరూప్ ఆర్‌ఎస్‌జే తీసిన ఈ సినిమాలో నెల్లూరులో ఒక చిన్న డిటెక్టివ్ ఆఫీసు. దాని పేరు ఎఫ్‌బీఐ, అంటే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. నవీన్ పొలిశెట్టి తనని తాను షెర్లాక్ హోమ్స్ అనుకుంటూ తిరుగుతుంటే హాలంతా నవ్వే. తర్వాత అమ్మ చనిపోయిందన్న కబురు వచ్చాక అదే మనిషి మొహం మనం వేరేగా చూస్తాం. రైలు పట్టాల పక్కన శవాల కేసు తవ్వుతుంటే ఇంక అది ఆట కాదు. ఆత్రేయకి తెలియనిది ఎంత ఉందో మనకి అర్థమయ్యేకొద్దీ నవ్వు తగ్గి భయం పెరుగుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. సీక్వెల్‌కి వచ్చేసరికి ఈ తెలియనితనం అయిపోతుంది. హీరో ఎవరో అతనికీ తెలుసు, మనకీ తెలుసు. 'గూఢచారి' వచ్చిన సరిగ్గా వారానికి, 2018 ఆగస్టు 10న 'విశ్వరూపం 2' రిలీజైంది. కమల్ అదే కమల్, పాత్రలూ అవే. కానీ మెతక మాస్టారు వేషం మొదటి భాగంలోనే ఖర్చయిపోయింది. ఇక ఆ జోకు మళ్ళీ పేలదు. ఒకసారి వాడిన ఓటీపీ రెండోసారి ఎంటర్ చేస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు కదా.

అప్పుడు సీక్వెల్ తీసేవాళ్ళ ముందు రెండు షార్ట్‌కట్లు ఉంటాయి. మొదటిది, ఇదివరకు భయపెట్టినదాన్ని ఇప్పుడు జోకు చేయడం. 1977లో వచ్చిన 'ద స్పై హూ లవ్డ్ మీ'లో జాస్ అనే విలన్ ఉంటాడు. ఏడడుగుల మనిషి, స్టీల్ పళ్ళు. వాడు తెర మీదకి వస్తే నిజంగా భయమేస్తుంది. జనానికి నచ్చాడని రెండేళ్ళకి 'మూన్‌రేకర్'లో మళ్ళీ తెచ్చారు. అందులో వాడు ప్రేమలో పడి, చివరికి బాండ్‌కే సాయం చేస్తాడు. ముద్దుగానే ఉంటుంది. కానీ ఆ తర్వాత పాత సినిమా చూసినా ఆ భయం సగమే మిగులుతుంది. ఆ 'మూన్‌రేకర్'లో బాండ్ అంతరిక్షం దాకా వెళ్ళిపోయాడు. తర్వాతి సినిమా 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' (1981)లో మళ్ళీ భూమ్మీదకి, మామూలు కొండలు ఎక్కే పనికి దింపాల్సి వచ్చింది.

'కింగ్స్‌మన్'లో ఇంకో రకం. 2014 నాటి మొదటి భాగంలో గురువు హ్యారీని తలలో కాల్చేస్తారు. హాల్లో ఎవరూ ఊపిరి తీసుకోరు. 2017లో వచ్చిన రెండో భాగంలో ఆయన కంటికి పట్టీతో తిరిగొస్తాడు. కాలిన్ ఫర్త్‌ని మళ్ళీ చూడటం సంతోషమే. కానీ ఆ క్షణం నుంచి ఆ సినిమాలో చావుకి విలువ లేదు. ఎవరు పోయినా "వస్తాడులే" అనిపిస్తుంది. నవ్వు ఎక్కువైందన్నది కాదు దాని సమస్య. పోయినవాళ్ళు నిజంగా పోకపోవడం.

రెండో షార్ట్‌కట్ మనవాళ్ళకి బాగా అలవాటు. హీరో మీద జోకు వేయలేం కాబట్టి పక్కన ఒక మనిషిని పెట్టడం. ఒక ఆటో డ్రైవర్, ఒక పాన్‌డబ్బా భాయ్, ఒక ఇన్ఫార్మర్. వాడు "హౌ", "నక్కో", "పరేషాన్" అని నాలుగు మాటలంటాడు. హాలు నవ్వుతుంది. ఆ మనిషికి పేరుండదు. ఇల్లుండదు. ముఖ్యంగా రెండో సీనుండదు. రీలు తిరిగి సీరియస్ సీన్ రాగానే అదే వీధి, అదే టోపీ, అదే గడ్డం, వెనకాల డ్రోన్ షాట్‌లో చార్మినార్, కింద దడదడమనే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్.

ఈ షాట్ గురించి నా ఫ్రెండ్ ఒకడి దగ్గర ఒక ఆట ఉంది. వాడిది షాలిబండ వైపు. స్కూల్ నుంచి కలిసి చదువుకున్నాం. ఏ సినిమాలోనైనా పై నుంచి చార్మినార్ కనబడగానే వాడు వాచ్ చూసుకుంటాడు. "పది నిమిషాల్లో బాంబు" అంటాడు. చాలాసార్లు పది నిమిషాలు కూడా పట్టదు. ఒకసారి స్లీపర్ సెల్ దాక్కున్న ఇల్లని చూపించిన గల్లీ చూసి గట్టిగా నవ్వాడు. "అరె, మా మామ దుకాణం రా అది! మామ ఫేమస్ అయిపోయిండు!" వాళ్ళ మామ గాజులకి రాళ్ళు అతికించే పని చేస్తాడు. మేమిద్దరం పడీపడీ నవ్వాం. ఇంటర్వెల్‌లో సమోసా తింటూ వాడు మాట మార్చకుండానే, నవ్వకుండా అన్నాడు: "మామకి ఇది చూపియ్యను." అంతే. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

ఇక్కడ ఎవరైనా "అంటే పాతబస్తీలో టెర్రరిజం చూపించొద్దంటావా?" అని అడగొచ్చు. అలా అనట్లేదు. సీరియస్ విషయం సీరియస్‌గానే ఉండాలి. 2007 మే 18, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. అప్పటికి నేను చంటిబిడ్డని. ఆ రోజు ఫోన్లు కలవక, నాన్న పని నుంచి ఇంటికొచ్చేదాకా అమ్మ నన్ను ఎత్తుకుని గడపలోనే నిలబడిందట. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్‌చాట్ దగ్గర పేలాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో. మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు తీసుకెళ్ళిన పాతబస్తీ యువకుల్లో చాలామంది చివరికి కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. కొందరికి అప్పటి ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. ఈ సంగతులు మా గల్లీల్లో పెద్దవాళ్ళు మామూలుగా టీ తాగుతూ చెప్పుకుంటారు. ఒక్క స్పై సినిమాలో కూడా నేను వీటిని చూడలేదు.

ఒక్కటి గమనించండి. సినిమాలో బాంబు మా గల్లీలోంచి బయల్దేరుతుంది. 2007లో బాంబు మా పక్కనే పేలింది. ఈ తేడా తెలిసిన రైటర్ రాసే సీరియస్ సీన్ వేరేగా ఉంటుంది. అందులో భయపడేవాళ్ళ మొహాలు కూడా పాతబస్తీవే అవుతాయి.

'ఖడ్గం' (2002) స్పై సినిమా కాదు కానీ ఈ విషయంలో నాకు గుర్తొచ్చే సినిమా. కృష్ణవంశీ అందులో ఒక పక్క సినిమా ఛాన్సుల కోసం తిరిగే రవితేజతో కడుపుబ్బ నవ్విస్తాడు. ఇంకో పక్క ప్రకాశ్‌రాజ్ ఆటో నడిపే అంజాద్. తమ్ముడు దారి తప్పిపోయాడన్న నిజం ఆ అన్నకి తెలిసేటప్పుడు హాలు నిశ్శబ్దం. ఆ సినిమాతో నాకు కొన్ని పేచీలు ఉన్నాయి. అయినా అంజాద్‌కి పేరుంది, ఇల్లుంది, అమ్మ ఉంది, కోపం ఉంది. అతను జోకు కాదు, బొమ్మా కాదు.

మరి మా నవ్వు మేమే నవ్వుకుంటే ఎలా ఉంటుంది? 'ది అంగ్రేజ్' చూడండి. కుంట నిఖిల్ తీసిన దక్ఖినీ సినిమా. చార్మినార్ దగ్గర కూర్చుని చాయ్ తాగుతూ ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకు కోతలు కోస్తుంటారు. అమెరికా నుంచి వచ్చిన కుర్రాళ్ళతో వాళ్ళకి గొడవ. మధ్యలో ఒక కిడ్నాప్ కథ కూడా ఉంది. అందులో కూడా "హౌ", "నక్కో" ఉన్నాయి, మామూలుగా కాదు, ఫుల్లుగా ఉన్నాయి. కానీ నవ్వు యాస మీద కాదు. సలీం ఎంత పెద్ద అబద్ధం చెప్తాడా, ఇస్మాయిల్ భాయ్ పరువు ఎలా కాపాడుకుంటాడా అన్నదాని మీద. యాస వాళ్ళకి ఇల్లు, జోకు వాళ్ళ బుద్ధి. పాతబస్తీలో పుట్టినవాళ్ళే ఆ సినిమా డైలాగుల్ని ఇప్పటికీ ఎందుకు అప్పజెప్తారంటే అందుకే.

ఇదే నవ్వుని స్పై కథలో ఎలా పెట్టొచ్చో నాకో ఊహ ఉంది. మా దగ్గర "పర్సోం" అనే మాటకి అర్థం డిక్షనరీలో దొరకదు. మొన్న కావచ్చు, పోయిన నెల కావచ్చు, మా తాత పెళ్ళి నాడు కూడా కావచ్చు. ఇప్పుడు జీ2లో అర్జున్ ఒక మనిషి కోసం వెతుకుతూ మా గల్లీకొచ్చాడనుకోండి. చాయ్ హోటల్ అతన్ని అడిగాడు.

"ఇతను ఇక్కడికి ఎప్పుడొచ్చిండు?"

"పర్సోం వచ్చిండు సార్."

ఢిల్లీలో కూర్చున్న ఆఫీసర్ చెవిలో "అంటే ఎల్లుండా, మొన్నా?" అని అరుస్తాడు. హాలు నవ్వుతుంది. కానీ మొన్న అయితే బాంబు ఇంకా ఊళ్ళోనే ఉంది. పోయిన ఏడాది అయితే అర్జున్ తప్పు మనిషి వెంట పడుతున్నాడు. నవ్వుతూనే మన చేతులు కుర్చీని పట్టుకుంటాయి. అది తేల్చగలిగేది ఆ చాయ్ హోటల్ మనిషి ఒక్కడే. ఎందుకంటే ఎవరు ఏ రోజు ఎన్ని చాయ్‌లు బాకీ పెట్టారో అతని ఖాతా పుస్తకంలో తారీఖులతో సహా ఉంటుంది. శాటిలైట్‌కి చేతకాని పని ఆ పుస్తకం చేస్తుంది. అప్పుడతను కామెడీ మనిషి కాదు, కథకి అవసరమైన మనిషి. సాయం చేసినందుకు రేపు విలన్ అతని షాపుకి వస్తే మనకి నిజంగా భయమేస్తుంది. ఎందుకంటే ఇందాక మనల్ని నవ్వించింది అతనే.

నా దృష్టిలో బ్యాలెన్స్ అంటే ఇదే. కామెడీ యాభై శాతం, సీరియస్ యాభై శాతం అని కొలిచేది కాదు. మనల్ని నవ్వించిన మనిషికి కూడా పోగొట్టుకునేది ఏదో ఉండాలి. మనల్ని భయపెట్టిన చోట కూడా ఎవరో ఒకరు అన్నం వండుకుంటూ ఉండాలి. ఆ రెండూ ఉంటే నవ్వు భయాన్ని తినేయదు, భయం నవ్వుని తినేయదు.

మొదటి 'గూఢచారి'కి ఈ సంగతి కొంత తెలుసు. (ఇంకా చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి.) వెన్నెల కిశోర్ శ్యామ్‌గా ఉన్నా, కథని ఆపేసి జోకులు వేయడు. అన్నిటికన్నా ముఖ్యం, దేశం అంతా వెతికే రాణా ఎవరో కాదు, జగపతిబాబు, అంటే అర్జున్ కన్నతండ్రి. దేశం కోసం చనిపోయాడని హీరో చిన్నప్పటి నుంచీ నమ్మిన తండ్రి! శత్రువు ఏదో గల్లీలోంచి రాలేదు, హీరో ఇంట్లోంచే వచ్చాడు. ఆ సినిమా చూసి బయటికొచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు కూడా నిండలేదు. ఆ ట్విస్ట్ ఎందుకంత నచ్చిందో అప్పుడు చెప్పలేకపోయేవాణ్ణి. ఇప్పుడు చెప్పగలను. ఆ సినిమా అనుమానాన్ని పక్కవాళ్ళ మీదకి తొయ్యకుండా తన ఇంటి గడపలోనే ఉంచుకుంది.

అందుకే జీ2 మీద నాకు ఆశ. మొదటి సినిమాకి టైం ఉండదు. హీరోని పరిచయం చేయాలి, త్రినేత్ర అంటే ఏంటో చెప్పాలి, ట్రైనింగ్ చూపించాలి. పక్కన నిలబడ్డవాడికి పేరు పెట్టే తీరిక దొరక్కపోవచ్చు. సీక్వెల్‌కి ఆ సాకు లేదు. హీరో మనకి ముందే తెలుసు కాబట్టి మిగిలిన టైం ఇంకెవరికైనా ఇవ్వొచ్చు. అది పాతబస్తీయే కానక్కర్లేదు. చిట్టగాంగ్ కావచ్చు, కశ్మీర్ కావచ్చు, ఏ ఊరైనా కావచ్చు. అక్కడ కూడా ఎవరో ఒకడు థియేటర్‌లో కూర్చుని వాచ్ చూసుకుంటూ ఉంటాడు.

మీరు ఈసారి ఏ స్పై సినిమాకి వెళ్ళినా చిన్న టెస్ట్ చేయండి. మీరు నవ్విన ప్రతి పాత్రకీ మూడు ప్రశ్నలు వేయండి. పేరుందా? ఇల్లుందా? రెండో సీనుందా? మూడింటికీ లేదనే జవాబొస్తే మీరు నవ్వింది మనిషిని చూసి కాదు, యాసని చూసి. భయపడినప్పుడు కూడా అవే మూడు ప్రశ్నలు.

ఇక మా ఇంటికి ఎవరైనా రావాలనుకుంటే రండి. సేఫే. యాసలో మాట్లాడమంటే మాట్లాడతాను కూడా, నాకేం మొహమాటం లేదు. కాకపోతే వచ్చేది ఎప్పుడో తారీఖు చెప్పి రండి. "పర్సోం వస్తా" అంటే మాత్రం మా అమ్మ వంట మొదలుపెట్టదు.